దాదీమా పళ్ళ డబ్బీ

కబురు అందేసరికి సాబిరా పెరట్లో నిలబడి తల ఆరబెట్టుకుంటోంది. జుట్టు కొసల నుంచి రాలిన నీటిబొట్టు ఎండకు కాలిన బండ మీద పడి, చుక్కంత మచ్చై, చూస్తుండగానే మాయమైపోతోంది. ఇంకో బొట్టు పడేదాకా ఆగి, అదీ మాయమవడం చూసి తనలో తనే నవ్వుకుంటోంది. పెళ్ళయి రెండు నెలలు నిండని పిల్లకు ఆ పూట అంతకంటే పెద్ద పనేమీ లేదు.

"ఒరేయ్ రహీమూ! అమ్మా రబియా! యాడున్నారే అందరూ?"

వీధి గుమ్మంలో కోటేశ్వరరావు కేక. నరసరావుపేట స్టేషను రోడ్డులో సుభానీ పళ్ళ ఆస్పత్రికి ఎదురుగా ఎరువుల కొట్టు ఆయనది. ఆ వరసలో ఫోనున్నది ఆయన కొట్లోనే. పంచె ఎగ్గట్టుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వచ్చాడు.

"సుభానీకి సీటొచ్చిందంట! హైదరాబాదు నుంచి ఫోను. వాడింకా మాట్లాడతానే ఉన్నాడు, నేను ఆగలేక ఉరుక్కుంటా వచ్చా. ముందు నా నోట్లో చక్కెర పొయ్యండి."

సాబిరా తడిజుట్టు మీద కొంగు లాక్కుని లోపలికి పరుగెత్తింది. అత్తగారు రబియా చక్కెర డబ్బా వెతుకుతూ ఉప్పు డబ్బా తెచ్చింది. మామగారు అబ్దుల్ రహీమ్ ఆయిలింజన్ల మెకానిక్కు. నూనె మరకల చేతులతోనే భోజనం ముందు నుంచి లేచి నిలబడి కోటేశ్వరరావు భుజం పట్టుకున్నాడు.

"ఒరే, తెల్లచొక్కారా!" అన్నాడు కోటేశ్వరరావు. "అయినా నాకు తెలవక అడుగుతా, మనిషికుండేది ముప్పై రెండు పళ్ళు. వాటికోసం ఇంకా ఎన్నేళ్ళు చదువుతాడు మీవాడు?"

"నీకుండేది ముప్పై రెండా కోటయ్యా?" అన్నాడు రహీమ్. "సగం మావాడి చేతిలో ఊడినయ్యే గందా!"

"పీకడం వచ్చుగా, మళ్ళీ చదువేంది?" అంది రబియా, కొడుకు ఊరు విడిచి వెళ్ళాలన్న సంగతి అప్పుడే తట్టినట్టు.

సాబిరా ఉండబట్టలేకపోయింది. "పీకకుండా నిలబెట్టే చదువు అత్తమ్మా ఇది. పన్ను లోపల సన్నటి నరం ఉంటుందట. అది కుళ్ళితేనే నొప్పి. ఆ నరం తీసేసి, అది ఉన్న దారంతా శుభ్రం చేసి, మందుతో మూసేస్తే పన్ను అక్కడే ఉండిపోతుంది. రూట్ కెనాల్ అంటారు. ముందరి పళ్ళకైతే ఈయనకూ వచ్చు. దవడ పళ్ళకు మూడు నాలుగు దారులుంటాయి, ఒక్కోటీ ఒక్కో వంకర. అది నేర్చుకోవాలంటే పెద్ద చదువు చదవాల్సిందే."

ఆ దారులన్నీ సుభానీ ఒకరోజు ఆమె అరచేతిలో వేలితో గీసి చూపించాడు. చక్కిలిగిలికి చెయ్యి లాక్కుంటే మళ్ళీ పట్టుకుని గీశాడు. చివర్లో, "నీకు వెనక మొలిచిన జ్ఞానదంతం మాత్రం ఎవరు చదివినా నిలబడదు, అడ్డంగా వచ్చింది, పీకాల్సిందే" అన్నాడు. అప్పటినుంచి ఆ మాటెత్తినప్పుడల్లా సాబిరా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోతోంది.

గోడవార మంచం మీద కూర్చున్న హజ్రా బీ ఇవన్నీ వింటూ నెమ్మదిగా నవ్వింది. రహీమ్ తల్లి ఆమె, సుభానీకి దాదీమా. నోట్లో కింద రెండు పళ్ళు తప్ప మరేమీ లేవు. ఆ పేటలో ఆడవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు తమ గాజులో, గొలుసులో, ఇంటి తాళాలో ఏవైనా సరే ఆమె చేతిలో పెట్టి వెళతారు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ అయితే కోటప్పకొండ వెళ్ళినా తాళంచెవి ఇక్కడే ఇస్తుంది. అమానత్ అని, నమ్మి దాచమని, ఎవరైనా చేతిలో పెడితే హజ్రా బీ కాదనదు. కాదనడం తప్పంటుంది. తిరిగి అడిగేదాకా ముట్టుకోదు.

సుభానీ పావుగంట తర్వాత వచ్చాడు. అది సీటొచ్చిన మొహంలా లేదు. తల్లి నోట్లో పోసిన చక్కెర చప్పరించకుండానే మింగేశాడు.

"ఫోను చేసింది కాలేషా గారు, మా కాలేజీలో నాకంటే ముందాయన. సోమవారానికల్లా చేరాలట. చేరేటప్పుడు పీకిన పళ్ళు తెచ్చుకోమన్నాడు."

"ఏం పళ్ళు?" అంది రబియా.

"మనుషుల పళ్ళేనమ్మా. వేర్లు విరగనివి. మొదట్లో మనిషి నోట్లో చెయ్యి పెట్టనివ్వరు. పీకిన పళ్ళకే రంధ్రం చేసి, లోపలి దారి వెతికి, చెయ్యి తిరిగేదాకా వాటి మీదే సాధన చెయ్యాలి. పట్నం పిల్లలు ముందే సీసాలు నింపి పెట్టుకున్నారట. పళ్ళు లేనివాడు చేతులు కట్టుకుని పక్కన కూర్చోవడమే."

"దానికింత దిగులేంది?" అన్నాడు రహీమ్. "నువ్వు చేసేదే ఆ పని గందా. గంపలకొద్దీ పీకుంటావు!"

"పీకినవన్నీ ఎవరివి వాళ్ళకే ఇచ్చేశా నాన్నా."

అది నిజమే. పల్నాటి వైపు పన్ను పీకించుకున్న మనిషి దాన్ని డాక్టరు దగ్గర వదిలి వెళ్ళడు. ముస్లిములు తీసుకెళ్ళి శుభ్రమైన చోట పూడ్చిపెడతారు, దేహంలోంచి వచ్చింది ఏదైనా మట్టికే చేరాలని. పల్లెల రైతులు తమ ఒంటి ముక్క పరాయి చేతుల్లో ఉండకూడదని కొంగున కట్టుకుపోతారు. సుభానీ ఆస్పత్రి తెరిచిన మొదటిరోజు నుంచీ ప్రతి పన్నునీ కడిగి, దూదిలో చుట్టి, మనిషి చేతిలో పెట్టి మరీ పంపాడు. జనం అతని దగ్గరికి నమ్మి వచ్చేది అందుకే. ఇప్పుడు ఆ మంచితనమే చేతులు కట్టేసింది.

"రెండ్రోజుల్లో ఎవర్ని అడిగినా ఇవ్వరు. మొదటిరోజే వట్టి చేతులతో నిలబడాలి" అన్నాడు సుభానీ.

అప్పుడు వెలిగింది సాబిరా మొహం.

దాదీమా పెట్టె సర్దుతూ ఒకరోజు సాబిరా పాత జర్దా డబ్బీ ఒకటి మూత తీసి చూసింది. జర్దా లేదు. డబ్బీ నిండా పళ్ళు! పసుపు రంగుకు తిరిగి, రెండుకాళ్ళవీ, మూడుకాళ్ళవీ. పిల్లలు గోళీకాయలు దాచుకున్నట్టు ముసలావిడ పళ్ళు దాచుకుందని అప్పుడు కొంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వుకుంది.

ఇంకోటి కూడా ఉంది సాబిరా దగ్గర. పెళ్ళయిన మూడోరోజు హజ్రా బీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఈ ఇంటికొచ్చిన కోడలు మొదటిసారి నోరు తెరిచి ఏదడిగినా ఇయ్యాల. అది ఈ ఇంటి ఆచారం. నేను మా అత్తని మేకపిల్లనడిగా. మీ అత్త నా కాళ్ళ పట్టీలడిగింది. నువ్వేం అడుగుతావో ఆలోచించుకో." ఆ రోజు నుంచి సాబిరా ఆ కోరికను కొంగున కట్టిన మిఠాయిలా దాచుకుంది. ఇది అడుగుదామా అది అడుగుదామా అని రోజుకొకటి అనుకుని, అనుకోవడంలోని ఆనందానికే అడగకుండా ఆపుకుంటూ వచ్చింది.

ఇప్పుడు గబగబా వెళ్ళి మంచం ముందు కూర్చుంది.

"దాదీమా, నా మొదటి కోరిక అడగనా?"

"అడుగు బిడ్డా."

"మీ పెట్టెలో జర్దా డబ్బీ ఉంది చూడండి, పళ్ళది. అది నాకివ్వండి. ఈయనతో హైదరాబాదు పంపిస్తా."

బియ్యం ఏరుతున్న రబియా చెయ్యి చేటలోనే ఆగింది. ఏదో అనబోయింది. హజ్రా బీ రబియా వైపు ఒక్కసారి చూసింది. రబియా నోరు మూసుకుంది. ముసలావిడ లేచి, గోడ పట్టుకుని నడిచి, పెట్టె తెరిచి డబ్బీ తెచ్చింది. సాబిరా చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతోనూ మూసింది.

"తీసుకో. కోడలు అడిగింది, ఇచ్చా" అంది. మళ్ళీ మంచం మీద కూర్చుని తస్బీ పూసలు అందుకుంది. ఆ తర్వాత డబ్బీ వైపు చూడలేదు.

సుభానీ మొహం అప్పుడు విప్పారింది. "ఎండిపోయాయి, అయినా నానబెడితే పనికొస్తాయి. ఒకటి కోసి చూస్తాను" అంటూ సైకిలెక్కాడు. భర్త వెళ్ళిన వీధివైపు చూస్తూ సాబిరా, ప్రపంచంలో ఏ పెళ్ళికూతురూ మొగుడికి ఇలాంటి కానుక ఇచ్చి ఉండదనుకుని పొంగిపోయింది.

సాయంత్రం వంటింట్లో అత్తాకోడళ్ళు సేమ్యా పాయసం కాస్తున్నారు. రబియా పలకడం లేదు. సాబిరా అడిగినదానికల్లా ఊఁ అని ఊరుకుంటోంది. కాసేపటికి సాబిరాకు భయమేసింది.

"నేనేమైనా తప్పు చేశానా అత్తమ్మా?"

రబియా పాలగిన్నెలో గరిటె తిప్పుతూనే చెప్పింది.

"ఆడమనిషి పోతే ఆఖరి నీళ్ళు పోసేది ఆడవాళ్ళమే గందా. అందుకని అత్త నా ఒక్కదానికే చెప్పింది, మగాళ్ళకి తెలవదు. నేను పోయినప్పుడు ఆ డబ్బీ తెరిచి, పళ్ళని నాతో పాటే కడిగి, కఫన్ గుడ్డలో నా చేతి పక్కన పెట్టు రబియా అంది. పుట్టించినోడు ఇచ్చింది ఇచ్చినట్టు ఆయనకి ఒప్పజెప్పాలంది. ఒక్కటి కూడా పోనీకుండా ఇన్నేళ్ళు దాచింది."

సాబిరా చేతిలోని జీడిపప్పు పలుకులు పొయ్యి పక్కన రాలాయి.

"అయ్యో అత్తమ్మా! అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చిందా? నా వంక చూసిన చూపు చూళ్ళేదూ నువ్వు?"

సాబిరా బురఖా తలమీద వేసుకున్నట్టే వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. స్టేషను రోడ్డులో పత్తి బేళ్ళ లారీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి పడుతూ లేస్తూ పోయింది. తలుపు తీసేసరికి సుభానీ దీపం కింద వంగి ఉన్నాడు. బెల్టు మీద తిరిగే యంత్రం అప్పుడే ఆగినట్టుంది, గదంతా కాలిన ఎముక వాసన. బల్ల మీద డబ్బీ, దాని పక్కన నడినెత్తిన రంధ్రం పడ్డ దవడ పన్ను ఒకటి.

"చూడు సాబిరా, ఎంత బాగా దొరికిందో దారి!" అన్నాడు పిల్లాడిలా.

సాబిరా చెప్పింది. నిలబడే చెప్పింది, ఏడవకుండా చెప్పింది. సుభానీ చేతిలోని సన్నటి సూదిని బల్ల మీద పెట్టి, రోగులు కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు.

"ఒకటే కోశాను" అన్నాడు.

ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం ఈ వీధిలోనే కోటేశ్వరరావు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. సంతోషం ఎంత తేలిగ్గా వస్తుందో, అంత తేలిగ్గా దాని కింద మరొకరి మనసు నలిగిపోతుందని సాబిరాకు మొదటిసారి తెలిసింది.

హజ్రా బీ పొద్దుగూకిన మగ్రిబ్ నమాజు ముగించి చాప మీదే కూర్చుని ఉంది. సుభానీ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని డబ్బీ పెట్టాడు. కోసిన పన్నును విడిగా, జేబురుమాలు మీద పెట్టాడు.

"నాకు తెలియదు దాదీమా."

ముసలావిడ రబియా వైపు తిరిగింది. "చెప్పేశావూ?"

రబియా తల వంచుకుంది.

"తీసుకుపో అబ్బాయ్" అంది హజ్రా బీ. "ఇచ్చింది వెనక్కి తీసుకునే రకం కాదు నేను. మా అత్త నేనడిగిన మేకపిల్లనిచ్చింది. మళ్ళీ అడిగిందా? పిల్ల ముచ్చటపడి అడిగింది, ఇచ్చా. అయిపోయింది. నాకేముందిలే, ఆయన దగ్గర ఏదో ఒకటి చెప్పుకుంటా."

డబ్బీని వేలితో సుభానీ వైపు నెట్టింది. సుభానీ మళ్ళీ ముందుకు నెట్టాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ ముట్టని డబ్బీ చాప మీద మధ్యలో ఉండిపోయింది. సుభానీ తీసుకుపోలేడు, ఆమె తిరిగి పుచ్చుకోదు. రహీమ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

పెరటి తలుపు చప్పుడైంది. ఆదిలక్ష్మమ్మ లోపలికి తొంగిచూసి, "అత్తా, నా తాళంచెవి ఇట్టియ్యి, వచ్చేశా" అంది. హజ్రా బీ చాప మీద నుంచి లేవకుండానే గూట్లోని తాళంచెవి చూపించింది. ఆదిలక్ష్మమ్మ తీసుకుని, ఇంట్లో వాళ్ళ మొహాలు చూసి మరో మాట లేకుండా వెళ్ళిపోయింది.

సాబిరా ఆ ఖాళీ అయిన గూటి వైపు చూసింది. తర్వాత వచ్చి చాప అంచున కూర్చుని డబ్బీ చేతిలోకి తీసుకుంది.

"దాదీమా, ఇవి ఇప్పుడు నావే కదా?"

"నీయే. ఇచ్చానుగా."

"నా వస్తువు నా ఇష్టమొచ్చిన చోట పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో."

"అయితే మీ దగ్గర పెడుతున్నాను. అమానత్. నేను తిరిగి అడిగేదాకా మీ పెట్టెలో ఉంచండి."

హజ్రా బీ ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"ఎప్పుడు అడుగుతావు?"

"అడగను."

"నేను పోయేటప్పుడు?"

"అప్పుడూ అడగను దాదీమా. మీ దగ్గరే ఉంటాయి. మీరు ఎక్కడికెళితే అక్కడే."

రబియా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. హజ్రా బీ రెండు చేతులూ చాచింది. ఆ పేటలో ఎందరో ఎన్నో పెట్టి వెళ్ళిన చేతులవి. సాబిరా డబ్బీ అందులో పెట్టింది. ముసలావిడ అది కళ్ళకద్దుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"చానా తెలివైన పిల్లని తెచ్చావే రబియా" అంది. "సాబిరా, నువ్వు చదివిన కాలేజీలో ఇదేనా చెప్పింది?"

ఎవరో ఊపిరి వదిలిన చప్పుడయింది. అది రహీమే.

ఆ తర్వాత ఆమె రుమాలు మీది పన్ను అందుకుంది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. "ఇది రహీమ్ కడుపులో ఉన్నప్పటిది" అంది. "మొహం ఇంత వాచింది. మీ తాత నూర్ మొహమ్మద్ బండి కట్టి గురజాల తీసుకెళ్ళాడు. ఆడ ఒకడు పటకారుతో పీకాడు. ఇద్దరు పట్టుకున్నారు నన్ను. కడుపులో బిడ్డకేమన్నా అయిద్దేమోనని నేను కేక కూడా వెయ్యలా." వేలికొనతో రంధ్రాన్ని తడిమింది. "లోపల ఏం చూశావు రా?"

సుభానీ జేబులోంచి సూది తీశాడు. వెంట్రుక కంటే కొంచెం లావుంటుంది. రంధ్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పుతూ కిందికి దింపాడు. అది వేరులోకి జారి, కొసన ఎక్కడో మెత్తగా ఆగింది.

"ఇదే దారి దాదీమా. నరం ఉండేది ఇక్కడే. నొప్పంతా దీంట్లోదే. ఇది శుభ్రం చేసి ఉంటే..."

"ఉంటే?"

"పన్ను పీకే పనుండేది కాదు."

హజ్రా బీ ఒళ్ళోని డబ్బీ వైపు చూసింది. "అన్నీనా?"

"చాలా మటుకు" అన్నాడు సుభానీ.

ముసలావిడ డబ్బీ మూతను అరచేత్తో నిమిరింది. బొగ్గుల మీద పాయసం ఇంకా కుతకుతమంటోంది, ఎవరూ దించలేదు. ఆమె కళ్ళ ముందు ఏ ఏ పళ్ళు, ఏ ఏ వాపులు, ఎవరెవరి చేతులు కదిలాయో సాబిరాకు తెలియదు. కాసేపటికి కోసిన పన్నును రుమాల్లో చుట్టి మనవడి చేతిలో పెట్టింది.

"ఇది తీసుకెళ్ళు. ఎట్టాగూ మొదలుపెట్టావు. దీని మీద నేర్చుకుని, దారి మూసి, పన్ను పన్నులా చేసి పట్రా. అప్పుడు డబ్బీలో వేసుకుంటా. నేర్చుకోకుండా మాత్రం రాబాక."

"ఒక్క పన్నుతో ఎలా దాదీమా..." అన్నాడు సుభానీ.

"ఒక్కటే అని ఎవరన్నారు? రేపు ఆదివారం. బొల్లాపల్లి దాకా పల్లెల జనమంతా నీ గుమ్మంలోనే ఉంటారుగా?"

"ఉంటారు. కానీ పన్ను ఇవ్వరు."

"నువ్వు ఇమ్మని అడిగితే ఇవ్వరు. నేను ఇమ్మనను. అమానత్‌గా పెట్టమంటా." హజ్రా బీ నిటారుగా కూర్చుంది. "ఎవరి పన్ను వాళ్ళ కొంగు చింపిన గుడ్డముక్కలో కట్టి పెట్టుకుందాం. ఏ గుడ్డ ఎవరిదో వాళ్ళకే తెలిసిద్ది. చదువయ్యాక ఎవరిది వాళ్ళకి ఒప్పజెప్తాం. పూడ్చుకుంటారో, కొంగున కట్టుకుంటారో వాళ్ళిష్టం. నా మాట నమ్మినోళ్ళు పెడతారు, లేనోళ్ళు తీసుకుపోతారు."

గుమ్మంలోంచి రహీమ్ అందుకున్నాడు. "నీ మాట నమ్మనోడు ఈ పేటలో ఎవడున్నాడమ్మా?"

"పల్లెల్లో ఉంటార్లే. చూద్దాం. పొద్దున్నే రిక్షా పిలువు. గుమ్మం పక్కన నాకో కుర్చీ వేయించు." ఆమె సాబిరా వైపు తిరిగింది. కింది రెండు పళ్ళూ కనబడేలా నవ్వింది. "ఏమే, అడిగేవాళ్ళం ముందు మనం పెట్టాల గందా? నీ జ్ఞానదంతం ఏదో అడ్డంగా ఉందంటనే. రేపు అందరికంటే ముందు కుర్చీ ఎక్కేది నువ్వే. నీ కొంగు అంచున ఒక ముక్క చింపి ఉంచుకో."